నాన్నగారి గొంతు

“అది మీ నాన్న గొంతు కాదురా అబ్బాయ్.”

మా అమ్మ ఈ మాట అన్నప్పుడు నాకు కష్టం తోచింది. నిజం చెప్పాలంటే కోపమే వచ్చింది. ఇంత ఖరీదు పెట్టి కొన్న ఫోనులో నాన్నగారి పాట పెట్టి వినిపిస్తుంటే, సంతోషించవలసింది పోయి, అది ఆయన గొంతే కాదంటుంది! ఎనభై దాటిన మనిషి, చెవులు మందగించి ఉంటాయిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఎవరి చెవులు మందగించాయో తెలియడానికి నాకు సంవత్సరం పైగా పట్టింది. ఆ సంగతే ప్రియమైన పాఠకులతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

మాది చిలకలూరిపేట, నరసరావుపేటల మధ్య నల్లరేగడి నేలల్లోని ఒక చిన్న ఊరు. మిరప, ప్రత్తి మా బ్రతుకుతెరువు. మా నాన్నగారు పొలం చేసుకుంటూనే మా సంఘంలో ఉపదేశిగా చాలా ఏళ్లు సేవ చేశారు. ఆయనకు పెద్ద చదువు లేదు గాని కీర్తనలు మాత్రం కంఠతా వచ్చు. హార్మోనియం మీద శృతి పట్టుకొని, చేతిలో కంచు తాళాలు వేస్తూ పాడితే, పొలం నుండి ఆలస్యంగా వచ్చినవాళ్లు కూడా కాళ్లు కడుక్కొని గుడికి వచ్చి కూర్చునేవారు. 1993లో క్రిస్మస్‌కు ముందు రాత్రి, గుంటూరు నుండి వచ్చిన మా బావగారు టేప్‌రికార్డరు తెచ్చి ఆయన పాడిన రెండు కీర్తనలు, ఆ తరువాత చేసిన కుటుంబ ప్రార్థన రికార్డు చేశారు. 2009లో నాన్నగారు ప్రభువునందు నిద్రించారు. ఆ క్యాసెట్టు ఒక్కటే మాకు మిగిలిన ఆయన స్వరం.

అమ్మకు ఇప్పుడు ఎనభై రెండేళ్లు. నీటికాసుల జబ్బు వల్ల రెండు కళ్లూ పోయాయి. కంటిలోపల ఒత్తిడి పెరిగి చూపు నరాన్ని కొద్దికొద్దిగా తినేసే జబ్బు అది. నొప్పి ఉండదు, అందుకే చాలామందికి తెలియదు. పోయిన చూపు మందులతో గాని ఆపరేషనుతో గాని తిరిగి రాదు, ఉన్నది నిలబెట్టుకోవడం మాత్రమే సాధ్యం. మేము ఆలస్యంగా తీసుకువెళ్లాము. (నలభై దాటిన ప్రతివారూ ఒకసారి కంటి ఒత్తిడి చూపించుకోవాలని మా అమ్మ తరఫున నేను బ్రతిమాలుతున్నాను.) ఉదయం లేవగానే బైబిలు చదువుకొని గాని పొయ్యి ముట్టించని మనిషికి, ఇక వాక్యమైనా, పాటయినా చెవిద్వారానే రావాలి.

మన ప్రాంతంలో ఇది కొత్త సంగతి కాదు. 1842 జూలై 31న గుంటూరులో అడుగుపెట్టిన హయ్యరు దొరగారి కాలంలోనూ, 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందిన క్లౌ దొరగారి కాలంలోనూ, నమ్మినవారిలో అత్యధికులకు అక్షరం ముక్క రాదు. వారు వాక్యాన్ని విన్నారు, విన్నదాన్ని పాటగా పాడుకున్నారు. పురుషోత్తమ చౌదరిగారి వంటి భక్తులు మన రాగాలలో కీర్తనలు కట్టబట్టి అవి చదువురాని తల్లుల నోళ్లలో నిలిచాయి. తరువాత యంత్రాలు వచ్చాయి. 1939లో అమెరికాలో జాయ్ రిడ్డర్‌హాఫ్ అనే మిషనరీ అమ్మగారు సువార్తను గ్రామఫోను రికార్డులలోకి ఎక్కించే సేవ ప్రారంభించారు. కరెంటు లేని ఊళ్ల కోసం చేతితో త్రిప్పే అట్ట గ్రామఫోనులు కూడా ఆ సేవలో పంచిపెట్టారు. మా చిన్నతనంలో సాయంత్రమైతే సెషెల్స్ దీవుల నుండి ఫీబా రేడియో, సింహళం నుండి ట్రాన్స్ వరల్డ్ రేడియో కోసం ట్రాన్సిస్టరు ముల్లు త్రిప్పుతూ చెవులు రిక్కించుకొనేవాళ్లం. సెషెల్స్ ప్రసార కేంద్రం 2003లో ఆగిపోయింది. క్యాసెట్లూ పోయాయి, సిడిలూ పోయాయి. ఇప్పుడు అన్నీ ఫోనులోకే వచ్చాయి.

నేనూ అందరిలాగే చేశాను. 2019లో ఒక ఆదివారం మధ్యాహ్నం, పాత టేప్‌రికార్డరులో క్యాసెట్టు పెట్టి, దాని స్పీకరు ముందు ఫోను పట్టుకొని, వాట్సాప్‌లో మాట పంపే గుర్తు నొక్కి రికార్డు చేశాను. పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది. చెల్లెళ్లకు, తమ్ముడికి పంపాను. అందరూ కన్నీళ్లు పెట్టుకున్నామని జవాబిచ్చారు. నా పని అయిపోయిందని క్యాసెట్టు ట్రంకుపెట్టెలో పడేశాను. అమ్మకు పూర్తిగా చూపు పోయాక, తెలుగు బైబిలు ఆడియో కూడా అదే ఫోనులో ఎక్కించి, “అమ్మా, ఇక ఈ ఫోను నీదే అనుకో” అన్నాను.

కొన్నాళ్లు విన్నది. తరువాత మానేసింది. నాన్నగారి పాట పెడితే 2024లో ఒకనాడు, పైన వ్రాసిన మాట అన్నది. “మరి ఎవరి గొంతమ్మా?” అంటే, “ఏమో నాయనా, మీ నాన్న ఇట్లా నీరసంగా పాడలేదు” అని అటు తిరిగి పడుకున్నది.

2025 సంక్రాంతికి హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా పెద్దవాడు ఇంటికి వచ్చాడు. వాడి సంచిలో అరచేతిలో పట్టే ఒక నల్లటి వస్తువు ఉంది. చూడడానికి ఫోను లాగే ఉంది గాని మాట్లాడడానికి పనికిరాదు. పాటలు వినడానికి మాత్రమే. ఖరీదెంతరా అంటే నసిగి నసిగి, ఇరవై వేల పైమాటే అన్నాడు.

ఆ సంవత్సరం మిర్చి రైతు స్థితి మీలో చాలామందికి తెలుసు. అంతకు ముందు క్వింటాలు ఇరవై వేల పైన పలికిన కాయ సగం ధరకు దిగిపోయింది. చివరికి ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం జోక్యం చేసుకొని క్వింటాలుకు 11,781 రూపాయలు అని ధర కట్టవలసి వచ్చింది. కోత కూలీ ఇవ్వడానికే చేతులాడని ఆ రోజుల్లో, రెండు క్వింటాళ్ల మిర్చి ఖరీదు పెట్టి పాటల డబ్బా కొన్నాడు మా వాడు!

“ఫోనులో రాని పాట దీంట్లో ఏమొస్తుందిరా?” అన్నాను.

“ఫోనులో సౌండు బాగోదు నాన్నా. ఇది పాటల కోసమే చేసింది. చెవిలో పెట్టుకొని చూడు, నీకే తెలుస్తుంది.”

పెట్టుకొని చూశాను. నిజమే, చాలా బాగుంది. తబలా వేళ్ల మీద పలుకుతున్నట్టు ఉంది. వెంటనే నాకు ఆశ పుట్టింది. నాన్నగారి పాట దీంట్లో పెడితే అమ్మ ఒప్పుకుంటుంది గదా! వాట్సాప్‌లో ఉన్నదాన్ని దాంట్లోకి ఎక్కించమన్నాను. ఎక్కించాడు. అమ్మ చెవులకు పెట్టాము. ఆమె నిదానంగా విని, తీసేసి, “పొలం నుంచి వచ్చి అన్నం తినకుండా పాడినట్టుంది. మీ నాన్న రెండు శృతికి పాడేవాడు గదరా. ఇది దిగిపోయింది” అన్నది.

మా వాడు నా వంక చూశాడు. “నాన్నా, అసలు క్యాసెట్టు ఎక్కడుంది?”

ట్రంకుపెట్టె అడుగున, పాత సండేస్కూలు పాఠాల క్రింద దొరికింది. దాన్ని, టేప్‌రికార్డరును తీసుకొని గుంటూరులో పాత రేడియోలు బాగుచేసే ఒకాయన దగ్గరకు వెళ్లాము. ఆయన మూత విప్పగానే లోపలి రబ్బరు బెల్టు చూపించి నవ్వాడు. సాగిపోయి వేలాడుతున్నది. క్యాసెట్టులో టేపు సెకనుకు సుమారు 4.76 సెంటీమీటర్ల చొప్పున సాగాలి. 1963లో ఫిలిప్స్ కంపెనీ క్యాసెట్టును ప్రవేశపెట్టినప్పటి నుండి అదే లెక్క. బెల్టు సాగితే టేపు నెమ్మదిగా నడుస్తుంది, నెమ్మదిగా నడిస్తే గొంతు బరువెక్కి శృతి దిగిపోతుంది. 2019లో నేను రికార్డు చేసిన రోజున ఆ బెల్టు అప్పటికే సాగిపోయి ఉంది.

ఆయన కొత్త బెల్టు వేసి, టేపును తాకే తలకాయను స్పిరిటుతో తుడిచి, “మోటారులో వేగం సరిచేసే చిన్న మర ఉంది. కాని ఎంత త్రిప్పాలో చెప్పేందుకు నా దగ్గర కొలత టేపు లేదండీ” అన్నాడు. అప్పుడు మా వాడికి అమ్మమాట గుర్తుకువచ్చింది. నాన్నగారు ఆ రాత్రి హార్మోనియం పెట్టుకొనే పాడారు, ఆ హార్మోనియం ఇప్పటికీ మా గుడిలోనే ఉంది. ఇత్తడి నాలుకలతో పలికే వాయిద్యం గనుక దాని స్వరం ఏళ్లు గడిచినా పెద్దగా మారదు. ఆదివారం ఆరాధన అయ్యాక గుడిలోనే కూర్చొని, ఒకరు హార్మోనియం మీద రెండు శృతి పట్టుకొని ఉండగా, టేపులోని హార్మోనియం దానితో కలిసేవరకు మా వాడు మర త్రిప్పాడు. మర ముట్టకముందు చూస్తే, కొత్త బెల్టుతో కూడా కొంచెం దిగువనే ఉంది. 2019 నాటి రికార్డును పెట్టి చూస్తే సరిగ్గా ఒక మెట్టు క్రింద, అంటే ఒకటిన్నర శృతిలో పలికింది. హార్మోనియంలో పక్కపక్క మెట్లకు తేడా నూటికి దాదాపు ఆరు పాళ్లు. అంత నెమ్మదిగా నాన్నగారిని ఈడ్చుకుంటూ అయిదేళ్లు వినిపించాను నేను. చూపులేని ఆ తల్లి, ఏ కొలమానమూ లేకుండా, ఆ మెట్టు తేడా చెప్పింది.

తరువాత మా వాడు టేప్‌రికార్డరు ఇయర్‌ఫోను పెట్టుకొనే రంధ్రం నుండి వైరు తీసి కంప్యూటరుకు తగిలించి, గాలిలో నుండి కాక వైరుగుండా మళ్లీ రికార్డు చేశాడు. దీనికి దగ్గరదారి లేదు. అరగంట పాట ఎక్కించడానికి అరగంట పట్టవలసిందే. కుదించకుండా సిడి పద్ధతిలోనే దాచాడు. ఆ పద్ధతిలో ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలిచి అంకెలుగా వ్రాసుకుంటారు. మనిషి చెవి వినగలిగిన ఎత్తైన ధ్వని సెకనుకు సుమారు 20,000 కంపనాలు, దానికి రెండింతల కంటె ఎక్కువసార్లు కొలిస్తే వినబడేదంతా అందులో ఇమిడిపోతుంది. నేను వాడిన వాట్సాప్ మాటల పద్ధతి వేరు. అది మాట అర్థమైతే చాలునని, తక్కువ డేటాలో త్వరగా చేరాలని బాగా కుదిస్తుంది. పైగా ఫోను మైకు చుట్టూ ఉన్న సన్నటి శబ్దాలను రొద అనుకొని అణచివేస్తుంది. ఎదుటివారితో మాట్లాడేటప్పుడు అది మంచిదే. పాటకు వచ్చేసరికి, తాళాల గణగణ, పాటగాడు ఊపిరి పీల్చుకున్న చప్పుడు, స, శ అక్షరాల సన్నదనం – ఇవన్నీ ఆ రొదతోపాటే పోతాయి.

మార్చి నెలలో ఒక శనివారం రాత్రి కల్లంలో అసలు పరీక్ష జరిగింది. కాయలు ఎండబోసి ఉన్నాయి, మంచుకు తడవకుండా పట్టాలు కప్పాము. కాపలాకు నేను ఉన్నాను. అమ్మకు ఇంట్లో ఉక్కగా ఉందంటే ఆమెను కూడా తెచ్చి నులకమంచం మీద కూర్చోబెట్టాము. నా భార్య, మా అమ్మాయి అన్నం క్యారేజీ తెచ్చారు. మా వాడు ఒకే పాటను నా ఫోనులో, తన ప్లేయరులో పెట్టి, రెండిటికీ ఒకే వైరు ఇయర్‌ఫోను మార్చిమార్చి తగిలిస్తూ, తువ్వాలు క్రింద దాచి, “ఏది ఏదో చెప్పండి” అన్నాడు.

మొదట నేను రెండుసార్లూ సరిగ్గా చెప్పాను. గర్వంగా కూడా ఉంది. ఇంతలో మా అమ్మాయి, “అన్నయ్యా, నీ డబ్బా సౌండు ఎక్కువ పెట్టావు” అన్నది. నిజమే. ఒకే పాట కాస్త పెద్దగా వినిపిస్తే మన చెవికి అదే బాగున్నట్టు తోస్తుందట. అంగళ్లలో అమ్మేవాళ్లకు ఈ కిటుకు బాగా తెలుసు. రెండిటి సౌండూ సమానం చేసిన తరువాత పన్నెండుసార్లు విని, ఆరుసార్లు మాత్రమే సరిగ్గా చెప్పాను. బొమ్మా బొరుసా వేసినా అన్నే వచ్చేవి. నా భార్యకు అయిదు, మా అమ్మాయికి ఏడు. సొంతదారుడైన మా వాడికి కూడా ఏడే! వాడి ముఖం దీపం వెలుగులో చూడవలసింది.

వాడు నిజాయితీగల పిల్లవాడు. ఒప్పుకున్నాడు. అంకెలను తిరిగి ధ్వనిగా మార్చే చిప్పులు ఈ రోజుల్లో మామూలు ఫోనుల్లో కూడా బాగానే ఉంటాయని, పెద్దపెద్ద హెడ్‌ఫోనులను నడిపించే బలం కావాలంటేనే ఇటువంటి ప్లేయరు అక్కరకు వస్తుందని చెప్పాడు. కొన్ని ఫోనులకు ఇప్పుడు ఇయర్‌ఫోను రంధ్రమే ఉండదు. 2016లో ఆపిల్ కంపెనీ తన ఐఫోన్ 7లో తీసివేసింది, తరువాత చాలామంది ఆ దారినే పట్టారు. అటువంటి ఫోనులో బ్లూటూత్‌తో వింటే పాట గాలిలో వెళ్లేముందు మరోసారి కుదించబడుతుంది. అయినా మామూలుగా వినేవారికి, ఫోనుకూ ప్లేయరుకూ మధ్య తేడాకంటె, మంచి ఇయర్‌ఫోనుకూ నాసి ఇయర్‌ఫోనుకూ మధ్య తేడా ఎక్కువ. దానికంటె పాటను మొట్టమొదట ఎలా రికార్డు చేశామన్నది ఇంకా ఎక్కువ. మూలంలో పోయినదాన్ని ఏ యంత్రమూ తిరిగి తేలేదు.

చివరికి అమ్మ వంతు వచ్చింది. కొత్తగా ఎక్కించిన నాన్నగారి పాట నా ఫోనులోనే పెట్టి చెవులకు తగిలించాము. మొదటి చరణం పూర్తికాకముందే ఆమె చేయి లేచింది. ఒడిలో వేళ్లతో తాళం వేయసాగింది. “ఇదిగో, ఇక్కడ ఊపిరి తీసుకున్నాడు… ఇక్కడ దగ్గు ఆపుకున్నాడు… పక్కింటోళ్ల గేదె అరుస్తుంది” అని మాకు చెబుతూనే ఉంది. ప్రార్థన వచ్చింది. నాన్నగారు మా నలుగురినీ పేరుపేరునా తలంచుకొని, వానల కొరకు, సంఘం కొరకు ప్రార్థించి ముగించారు. అప్పుడు అమ్మ చటుక్కున ఇయర్‌ఫోను తీసి, “ఒరేయ్, ఆ ఆమెన్ నాదిరా!” అన్నది. మేము తీసుకొని విన్నాము. నిజమే. మా అందరి ఆమెన్‌ల వెనుక, దూరంగా, వంటింటి గుమ్మం దగ్గర నుండి కాబోలు, మెల్లని ఆడగొంతు. ఫోనుతో చేసిన రికార్డులో ఆ ఆమెన్ అసలు లేనేలేదు.

కాసేపు ఎవరమూ మాట్లాడలేదు.

తరువాత నేను ఉత్సాహంగా, “ఇక చెప్పమ్మా, నీకు ఏది కొనమంటావు? ఇటువంటి ప్లేయరా, కొత్త ఫోనా?” అన్నాను.

ఆమె అన్న మాట నేను మరువలేను. “ఏదైనా ఫర్లేదు నాయనా. నా దగ్గర ఉండేది చాలు.”

అర్థం కాలేదన్నాను. అప్పుడు చెప్పింది. కోపంగా కాదు, మామూలుగా. యోహాను సువార్త వింటూ ఉంటే యార్డు ధరలు చూసుకోవాలని నేను వచ్చి ఫోను తీసుకువెళ్లేవాడినట. “పది నిమిషాలమ్మా” అనేవాడినట. ఆ పది నిమిషాలు మళ్లీ సాయంత్రానికి పూర్తయ్యేవట. ఒక్కొక్కసారి వాక్యం మధ్యలో వ్యాపారి ఫోను మ్రోగితే ఏది నొక్కాలో తెలియక భయపడేదట. నున్నటి అద్దం మీద గుర్తులు చూపున్నవాళ్లకు కనిపిస్తాయి, ఆమె వేళ్లకు ఏమి తగులుతుంది? “ఒకరిని అడుక్కొని వినేది ఎందుకులే అని మానేశా. గుర్తున్నది నెమరేసుకుంటున్నా” అన్నది.

ప్రియులారా, చెవులు మందగించింది ఎవరికో నాకు ఆ రాత్రి తెలిసింది. ఫోను ఆమెదని నోటితో చెప్పాను గాని చేతితో ఇవ్వలేదు. ధర పడిపోయిన ఆ రోజుల్లో రోజుకు ఇరవైసార్లు ఆ ఫోను చూసుకున్నాను. చూసినందువల్ల క్వింటాలుకు ఒక్క రూపాయి పెరగలేదు. అదే సమయంలో నా తల్లి వాక్యపు ఆకలితో గోడవైపు తిరిగి పడుకుంటే, వయసు మీద పడిందనుకున్నాను. కల్లంలో ఆమె పాదాల దగ్గర కూర్చొని క్షమించమని అడిగాను. “ఊరుకోరా, కాయలు చూసుకో” అన్నది. అదే ఆమె క్షమాపణ.

మరుసటి వారం నరసరావుపేటలో మెమొరీ కార్డు పెట్టుకొనే చిన్న పాటల డబ్బా ఒకటి కొన్నాము. నొక్కితే టిక్కుమనే గట్టి బొత్తాలున్నది. మా వాడి ప్లేయరు ఖరీదులో పదోవంతు కూడా కాలేదు. దాని స్పీకరు గొప్పదేమీ కాదు, బరువైన స్వరాలు పలకలేదు. కాని మనిషి గొంతు స్పష్టంగా పలుకుతుంది. పాట మొదలుపెట్టే బొత్తాం మీద మా అమ్మాయి చొక్కా గుండీ ఒకటి అంటించింది, ఆపే బొత్తాం మీద కందిగింజ. ఒక కార్డులో కొత్త, పాత నిబంధనలు, ఇంకొక కార్డులో కీర్తనలు, నాన్నగారి ప్రార్థన. ఆ డబ్బాకు ఎవరూ ఫోను చేయరు, ధరలు రావు. దాన్ని అమ్మ దగ్గర నుండి తీసుకొనే హక్కు ఇంట్లో ఎవరికీ లేదు.

ఇప్పుడు మధ్యాహ్నాలు మా వసారాలో మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్లు అయిదారుగురు చేరతారు. అందులో మన సంఘంవాళ్లు ఇద్దరే. అమ్మ గుండీ తడుముకొని నొక్కుతుంది. తొడిమలు తీస్తూ లూకా సువార్త వింటారు. తప్పిపోయిన కుమారుని కథ వచ్చిన రోజున ఒకామె, “పెద్దోడి కోపంలో కూడా న్యాయముందిలే అత్తా” అన్నదట. అమ్మకు, ఆమెకు అరగంట వాదన! మా ఉపదేశి నాన్నగారు వింటే ఎంతో సంతోషించేవారు.

ఇళ్లల్లో పాత క్యాసెట్లు ఉన్నవారికి నా అనుభవంలో నుండి కొన్ని మాటలు. ముందుగా, అసలు క్యాసెట్టును పారవేయకండి, ఎండ తగలని, తేమలేని చోట, స్పీకర్ల అయస్కాంతాలకు దూరంగా ఉంచండి. నడిపించేముందు బెల్టు, వేగం చూపించుకోండి. ఫోను ముందు పెట్టి కాకుండా వైరుతో ఎక్కించండి. కుదించని ప్రతి ఒకటి దాచుకోండి. గంట క్యాసెట్టు అయినా సుమారు 600 ఎంబీ మించదు, ఈనాటి ఫోనులో అది పెద్ద బరువు కాదు. ఒక ప్రతి ఇంట్లో, ఇంకొకటి వేరే ఊరిలోని తోబుట్టువుల దగ్గర ఉంచండి. చెవిలో పెట్టుకొని వినే పిల్లలకు సౌండు తగ్గించమని చెప్పండి. పెద్దవారికి 80 డెసిబెల్స్, పిల్లలకు 75 డెసిబెల్స్ స్థాయిలో వారానికి 40 గంటలు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో కొలత పెట్టింది. పోయిన చూపులాగే పోయిన వినికిడి కూడా తిరిగి రాదు.

చివరి మాట. బాలుడైన సమూయేలు రాత్రివేళ స్వరం విని మూడుసార్లు ఏలీ దగ్గరకు పరుగెత్తాడు. ఏలీకి అప్పటికే చూపు మందగించింది. కాని ఆ స్వరం ఎవరిదో గుర్తుపట్టి పిల్లవానికి చెప్పినవాడు చూపు తగ్గిన ఆ ముసలివాడే. మన ఇళ్లలో మూలమంచాల మీద ఉన్న పెద్దలను తక్కువగా ఎంచకుందాము. వారు “అది ఆయన గొంతు కాదు” అంటే, ముందు మన బెల్టు సాగిందేమో చూసుకుందాము.

మొన్న రాత్రి నేను యార్డు నుండి ఆలస్యంగా వచ్చాను. ఇల్లంతా నిద్రపోయింది. అమ్మ గదిలో నుండి నాన్నగారి ప్రార్థన సన్నగా వినబడుతున్నది. గుమ్మంలో నిలబడి విన్నాను. ముగింపులో ముప్పై ఏళ్లనాటి ఆమెన్, దాని వెంటనే మంచం మీద నుండి ఇప్పటి ఆమెన్ వినబడ్డాయి. చెప్పులు విడిచి, నేనూ మెల్లగా ఆమెన్ అన్నాను.